ప్రయోగాత్మక నాటకాన్ని నటుడు వృత్తిగా ఎంచుకోవచ్చా?

పదేళ్లకు పైగా సంప్రదాయ నాటకాల్లో వేషాలు వేశాక, ముప్పై నాలుగేళ్ల వయసులో, ఒక చిన్న ప్రయోగాత్మక బృందం మిమ్మల్ని శాశ్వత సభ్యుడిగా చేరమని పిలిచిందని రాశారు. ఈ రంగంలో నటుడికి బతుకుతెరువు ఉంటుందా, నాకు వయసు మించిపోయిందా, రేపు ఆ బృందం చెదిరిపోతే తిరిగి మామూలు నాటకాల్లోకి రాగలనా అని మూడు సంగతులు అడిగారు. మొదట నటుడిగా, తరువాత నటులకు తర్ఫీదు ఇచ్చేవాడిగా నా పని ఈ రంగంలోనే సాగింది కనుక కొంత వివరంగా రాస్తాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: చేరవచ్చు. అయితే ఆ బృందానికి ఎంత పేరుందో చూసి చేరకండి; దర్శకుడు రేపు దారి మార్చుకుంటే మీ చేతిలో ఏమి మిగులుతుందో చూసుకుని చేరండి.

మామూలు నాటకరంగంలో నటుడి ఎదుగుదలకు ఒక వరుస ఉంటుంది. చిన్న వేషం, పెద్ద వేషం, ప్రధాన పాత్ర, దాంతోపాటు పేరు, పారితోషికం. ప్రయోగాత్మక రంగంలో ఆ మెట్లు లేవు. ఒక్క ప్రదర్శన తయారు కావడానికే ఏడాదో రెండేళ్లో పట్టవచ్చు. తయారైన దాన్ని ఏళ్ల తరబడి ఆడుతూ, ఆడుతూనే మారుస్తూ పోవచ్చు. ఇరవయ్యేళ్లు పనిచేసిన నటుడి జీవిత వివరాల్లో ఏడెనిమిది ప్రదర్శనల పేర్లు మాత్రమే కనిపించడం ఇక్కడ వింత కాదు. మిగతా కాలమంతా సాధనలోనూ, చివరికి ప్రదర్శనలోకి రాని ప్రయత్నాల్లోనూ గడుస్తుంది. బయటివారి లెక్కలో అదంతా ఖాళీ కాలమే, కానీ నటుడు తయారయ్యేది ఆ కాలంలోనే. ఈ తేడాను మనసు ఒప్పుకోకపోతే మిగతా చర్చ అనవసరం.

ఈ రంగంలో నటుడి జీవితం ఎలా సాగుతుందో తెలుసుకోవాలంటే నేను ముందుగా పోలండ్ నటుడు రిషార్ద్ చెష్లాక్ పేరు చెబుతాను. 1937లో పుట్టిన ఆయన క్రాకోవ్ నాటక విద్యాలయంలో చదివింది నటన విభాగంలో కాదు, బొమ్మలాట విభాగంలో. 1960ల ఆరంభంలో ఒపోలె అనే చిన్న పట్టణంలో దర్శకుడు యెర్జీ గ్రోటోవ్‌స్కీ నడుపుతున్న పదమూడు వరుసల థియేటర్‌లో చేరారు. ఆ పేరు ఆ హాలులోని కుర్చీల వరుసలను బట్టి వచ్చింది. ఆ బృందం స్థాయి ఏమిటో దాన్నిబట్టే ఊహించుకోవచ్చు. బృందం 1965లో వ్రోత్స్‌వావ్ నగరానికి తరలింది. ఆ ఏడాదే, ఇరవై ఎనిమిదేళ్ల వయసులో, చెష్లాక్ 'ది కాన్‌స్టంట్ ప్రిన్స్' ప్రదర్శనలో శత్రువుల చెరలో చిత్రహింసలు అనుభవిస్తూ, లొంగకుండా ప్రాణం విడిచే రాకుమారుడిగా కనిపించారు. ప్రేక్షకులు కొద్దిమందే, వారు ఎత్తైన చెక్క అడ్డుగోడ వెనక కూర్చుని, శస్త్రచికిత్స చూస్తున్న వైద్య విద్యార్థుల్లా కిందికి తొంగిచూడాలి. రంగాలంకరణ దాదాపు లేదు, నటుడి ఒంటిమీద ఉన్నది ఒక తెల్లని గోచీ. ఆ శరీరమూ ఆ గొంతూ కలిసి చేసిన పని చూసి ఐరోపా, అమెరికా విమర్శకులు నటన గురించి అంతవరకు తాము రాసినదాన్ని తిరిగి ఆలోచించుకోవలసి వచ్చింది.

ఆ పాత్ర తయారైన తీరు నటుడికి పెద్ద పాఠం. మిగతా నటులతో కలిసి సాధన చేయడానికి ముందు గ్రోటోవ్‌స్కీ నెలల తరబడి చెష్లాక్‌తో మాత్రమే పనిచేశారు. ఆ ఏకాంత సాధనలో హింస, బలిదానం వంటి మాటలే లేవు. చెష్లాక్ యౌవనంలో అడుగుపెడుతున్న రోజుల నాటి ఒక ప్రేమానుభవాన్ని ఆధారం చేసుకుని, ఆ జ్ఞాపకంలో శరీరం ఎలా కదిలిందో, శ్వాస ఎలా మారిందో ఒక్కొక్క చిన్న క్రియగా వెతికి పట్టుకున్నారు. నాటకంలోని మాటలు ఆ క్రియల ప్రవాహం మీదికి ఎక్కాయి. చుట్టూ ఉన్న పాత్రలు, కథా సందర్భం హింసను సూచిస్తుండగా, మధ్యలోని నటుడు ఆనందంతో వెలిగిపోయే జ్ఞాపకాన్ని జీవిస్తున్నాడు. ప్రేక్షకుడికి కనిపించినది ఆ రెండూ కలిసి పుట్టించిన మూడవ అనుభవం. ఈ సంగతిని గ్రోటోవ్‌స్కీ బహిరంగంగా వివరించినది చెష్లాక్ మరణించాకనే.

ఇదంతా పూనకం అనుకునేవారికి ఒక ఆధారం చూపిస్తాను. ఆ ప్రదర్శన ధ్వనిని ఒక సందర్భంలోనూ, చలనచిత్రాన్ని మరొక సందర్భంలోనూ రికార్డు చేశారు. తరువాత ఆ రెంటినీ జతపరిస్తే నటుడి పెదవులు, శ్వాస, కదలిక ఆ ధ్వనికి సరిపోయాయి. అంత ఉద్వేగం కింద అంతటి ఖచ్చితత్వం ఉంది. ప్రయోగాత్మక నటన అంటే తోచినట్టు కదలడం అనే అపోహతో చేరేవారు మొదటి నెలలోనే విసిగిపోవడానికి కారణం కూడా ఇదే.

ఇక ఆ వృత్తి జీవితం తరువాతి భాగం చూడండి. 'అపోకలిప్సిస్ కుమ్ ఫిగూరిస్' అనే ప్రదర్శన 1969లో బహిరంగంగా మొదలై, మారుతూ 1980 వరకు సాగింది. ఆ బృందానికి అదే చివరి నాటకం. 1970లోనే గ్రోటోవ్‌స్కీ నాటకాలు తయారు చేయడం తన దారి కాదని ప్రకటించి, నటుడు, ప్రేక్షకుడు అనే తేడా లేని సామూహిక అన్వేషణల వైపు వెళ్లారు. 1984లో బృందం తనను తాను రద్దు చేసుకుంది. అప్పటికి చెష్లాక్ వయసు నలభై ఏడు. ప్రపంచంలోని గొప్ప నటుల్లో ఒకరిగా పేరు మోసిన మనిషికి, ఆడటానికి సొంత ప్రదర్శన అంటూ ఒక్కటీ లేదు. ఆయన అనేక దేశాల్లో వర్క్‌షాపులు నడిపారు, దర్శకత్వం వహించారు. 1985లో బ్రిటిష్ దర్శకుడు పీటర్ బ్రూక్ తొమ్మిది గంటల మహాభారతాన్ని ఫ్రాన్స్‌లోని అవిన్యోన్ ఉత్సవంలో, ఒక రాతి గని ఆవరణలో ప్రదర్శించినప్పుడు ధృతరాష్ట్రుడి పాత్ర ఆయనకు దక్కింది. 1989లో వచ్చిన చలనచిత్ర రూపంలో కూడా ఆయనే ధృతరాష్ట్రుడు. ఆ చిత్రం చూసినవారికి ఆ అంధ రాజు నిలబడే తీరు, తల తిప్పే తీరు గుర్తుండిపోతాయి. 1990లో, యాభై మూడేళ్ల వయసులో ఆయన మరణించారు.

ఈ జీవితాన్ని విఫలమైనదని నేను అనను. అలా అనేవారు ప్రదర్శనల సంఖ్యను చూస్తున్నారు తప్ప వాటి బరువును చూడటం లేదు. అయినా వృత్తి అనే కోణంలో చూస్తే ఒక సంగతి దాచలేము. ఆయన శిఖరాన్ని అందుకున్నది ఒకే దర్శకుడితో, ఒకే సంబంధంలో. ఆ దర్శకుడు నాటకాన్ని వదిలేశాక, అదే లోతులో పనిచేసే మరో చోటు ఆయనకు తిరిగి దొరకలేదు. మీరు అడిగిన మూడవ ప్రశ్నకు జవాబు వెతకవలసింది ఇక్కడే.

దీనికి పక్కనే మరొక ఉదాహరణ పెట్టాలి. గ్రోటోవ్‌స్కీ దగ్గర కొన్నేళ్లు ఉండి వచ్చిన దర్శకుడు యూజెనియో బార్బా 1964లో ఓస్లోలో ఓడిన్ తెయాత్రెత్ అనే బృందాన్ని స్థాపించారు. అందులో చేరినవారు నార్వే ప్రభుత్వ నాటక విద్యాలయం ప్రవేశ పరీక్షలో తీసుకోని యువతీయువకులు. 1966లో బృందం డెన్మార్క్‌లోని హోల్‌స్తెబ్రో అనే చిన్న పట్టణానికి మారింది. అక్కడి పురపాలక సంఘం ఊరి చివర ఒక పాత వ్యవసాయ క్షేత్రాన్ని, కొంత ఆర్థిక సహాయాన్ని ఇచ్చింది. నటుల భాష ప్రేక్షకులకు పూర్తిగా అర్థం కాని పరిస్థితి ఉండటంతో, శరీరం మీదా గొంతు స్వరూపం మీదా సాధన కేంద్రీకరించడం వారికి అవసరంగా కూడా మారింది.

మొదట్లో అందరూ ఒకే కసరత్తులు చేసేవారు. తరువాత ఒక్కొక్క నటుడు తన శరీరానికి, తన సమస్యలకు తగిన సాధనను తానే తయారు చేసుకునే పద్ధతి వచ్చింది. 1966లో చేరిన ఇబెన్ నాగెల్ రాస్ముసెన్ ఈ మార్పులో ముందు నిలిచినవారు. తనకు అప్పగించిన కసరత్తులకు బదులు తానే కొత్త వాటిని కనిపెట్టుకున్నారు, శిష్యులను తీసుకున్నారు. 1970ల మధ్యలో కొత్తవారిని చేర్చుకోవడానికి బృందం సిద్ధంగా లేనప్పుడు పాత నటులే వారిని ఒక విధంగా దత్తత తీసుకుని, బాధ్యతంతా తమ మీద వేసుకున్నారు. 1991లో ఆమె తన యౌవనాన్నే వస్తువుగా చేసుకుని 'ఇట్సి బిట్సి' ప్రదర్శన చేశారు. 1974లో చేరిన రోబెర్తా కార్రేరి, నటి తన పనిముట్లను ప్రేక్షకుల ముందే విప్పి చూపే 'ట్రేసెస్ ఇన్ ద స్నో' అనే ప్రదర్శనతో దేశదేశాలు తిరిగారు. 1976లో వచ్చిన జూలియా వార్లీ నటిస్తూనే వ్యాసాలు, పుస్తకాలు రాశారు, 1986లో మొదలైన మాగ్దలీనా ప్రాజెక్ట్ అనే రంగస్థల స్త్రీల అంతర్జాతీయ వేదికలో పనిచేశారు. ఈ ముగ్గురికీ దర్శకుడు ఒక్కరే, దశాబ్దాల పాటు ఆయనతోనే ఉన్నారు. అయినా వీరి సాధన, వీరి ఏకపాత్ర ప్రదర్శనలు, వీరి బోధన, వీరి రాతలు వీరి సొంతం. బృందం పెద్ద ప్రదర్శన లేని ఏడాదిలో కూడా వీరికి పని ఉంటుంది.

చెష్లాక్‌కు ప్రతిభ తక్కువై, వీరికి ఎక్కువై ఇలా జరగలేదు. తేడా బృందాల నిర్మాణంలో ఉంది. మీరు చేరబోయే బృందంలో చూడవలసింది ఆ నిర్మాణాన్నే.

అక్కడ రోజువారీ పని ఎలా ఉంటుందో కొంచెం దగ్గరగా చూపిస్తాను. దర్శకుడు మీకు ఒక పాత్రను ఇవ్వడు, ఒక ఇతివృత్తాన్ని ఇస్తాడు. ఉదాహరణకు "తాళం వేసిన ఇంటికి తిరిగి రావడం". మీరు ఒంటరిగా ఆరేడు నిమిషాలు దాని మీద అప్పటికప్పుడు కదులుతారు. ఒకరు వీడియో తీస్తారు. మరునాడు ఆ వీడియో పెట్టుకుని, నిన్నటి కదలికలను ఒక్కొక్కటిగా తిరిగి నేర్చుకుంటారు. తాళం వైపు చెయ్యి కదలకముందే చూపు అక్కడికి వెళ్లిందా? బరువు ఏ కాలి మీద ఉంది? భుజం దిగినప్పుడు శ్వాస లోపలికా, బయటికా? ఇది ఇబ్బందికరమైన దశ. నిన్న ప్రాణంతో ఉన్నది ఇవాళ కొయ్యబారిపోతుంది, వారం పది రోజులు అలాగే ఉంటుంది. ఆ తరువాత, ప్రతి వివరం శరీరానికి అలవాటయ్యాక, మెల్లగా ప్రాణం తిరిగి వస్తుంది. అలా స్థిరపడిన క్రియల వరుసను స్కోరు అంటాము. అప్పుడు దర్శకుడు ఆ ఆరు నిమిషాల్లో నాలుగింటిని కోసేస్తాడు, మిగిలిన దాని వరుస మారుస్తాడు, నిలబడి చేసినదాన్ని కూర్చుని చేయమంటాడు, దానిమీద తాళంతో ఏ సంబంధమూ లేని కవితా పాఠాన్ని పెడతాడు, పక్కన మరో నటి స్కోరును నిలబెడతాడు. ప్రేక్షకుడికి అది తల్లీకొడుకుల చివరి సంభాషణగా కనిపించవచ్చు. మీలో మాత్రం ఆ తాళం అలాగే ఉండాలి.

సంప్రదాయ నాటకం నుంచి వచ్చిన మంచి నటులు సాధారణంగా ఇక్కడే ఎదురుతిరుగుతారు. "నా పాత్ర ఎవరు, ఏమి కోరుకుంటోంది" అనే ప్రశ్నకు సాధనలో చాలాకాలం జవాబు దొరకదు. ఆ అనిశ్చితిలో రోజూ ఉదయాన్నే వచ్చి పనిచేయగలగడం కూడా నేర్చుకోవలసిన నైపుణ్యమే. ఇంకొక మాట: వాచికంలో మీకున్న పట్టును వదులుకోవద్దు. ఈ రంగంలో శరీరం మీద చూపే శ్రద్ధ మాట మీద చూపని బృందాలు చాలా ఉన్నాయి. స్పష్టంగా మాట్లాడగలిగిన నటుడు వాటికి వరమే.

వయసు గురించి పెద్దగా చెప్పవలసింది లేదు. జపాన్ నటుడు యోషి ఓయిడా 1933లో పుట్టారు, బ్రూక్ ప్రయోగాల్లో పాలుపంచుకోవడానికి 1968లో పారిస్ వెళ్లారు, అంటే ముప్పై అయిదేళ్ల ప్రాంతంలో. అప్పటికే ఆయనకు స్వదేశంలో సంప్రదాయ నటనలో శిక్షణ ఉంది. బ్రూక్ మహాభారతంలో ద్రోణుడు ఆయనే. నటుడి శరీరం గురించి ఆయన రాసిన పుస్తకాలు నేటికీ శిక్షణాలయాల్లో చదువుతున్నారు. ముప్పై నాలుగేళ్లకు మీరు చేయవలసినదల్లా, మోకాళ్లు, నడుము, గొంతు విషయంలో ఇరవై ఏళ్లవారితో పోటీ పడకపోవడం. ఎగిరి దూకే కసరత్తులను తగ్గించుకుని వేగం, సమతూకం, ఆగడం మీద సాధన చేయండి. నొప్పిని ఓర్చుకోవడమే అంకితభావం అని చెప్పే శిక్షకుడి దగ్గర నిలవవద్దు.

డబ్బు సంగతికి వస్తే, ప్రదర్శన రాబడి ఒక్కదానిమీద బతికే ప్రయోగాత్మక నటులు ఏ దేశంలోనైనా అరుదు. యాభై అరవై మంది ప్రేక్షకుల కోసం తయారయ్యే నాటకానికి టిక్కెట్ల లెక్క ఎన్నటికీ కుదరదు; దాన్ని ప్రభుత్వ సహాయమో, ఉత్సవాల ఆహ్వానాలో, బోధనో, మరో ఉద్యోగమో మోయాలి. న్యూయార్క్‌లో 1947లో జూడిత్ మలీనా, జూలియన్ బెక్ స్థాపించిన లివింగ్ థియేటర్ అనే ప్రయోగాత్మక బృందం హాలును 1963లో పన్ను బకాయిల కారణంగా అధికారులు మూసివేశారు. ఆ బృందం తరువాతి కొన్నేళ్లు ఐరోపాలో తిరుగుతూ గడిపింది. అదే మలీనా 1991లో 'ది ఆడమ్స్ ఫ్యామిలీ' అనే హాలీవుడ్ హాస్యచిత్రంలో నాయనమ్మ వేషం వేశారు. న్యూయార్క్‌లోని వూస్టర్ గ్రూప్ అనే ప్రయోగాత్మక బృందం నటుడు రాన్ వాటర్ 'ది సైలెన్స్ ఆఫ్ ద ల్యాంబ్స్', 'ఫిలడెల్ఫియా' చిత్రాల్లో చిన్న పాత్రలు చేస్తూనే, తన రంగస్థల పనిని వదలలేదు. విలెం డఫో సినిమాల్లో తారగా ఎదిగాక కూడా చాలా ఏళ్లు ఆ బృందంతోనే, వారి చిన్న గ్యారేజీ థియేటర్‌లోనే నటించారు. సినిమాలో వేషం వేస్తే ప్రయోగానికి ద్రోహం చేసినట్టు మాట్లాడే శుద్ధవాదులు మీకు తారసపడతారు. వారిలో చాలామందికి ఇంటి ఖర్చు మరెవరో చూసుకుంటుంటారు.

బోధన గురించి మాత్రం ఒక హెచ్చరిక. వర్క్‌షాపుల ఆదాయం తేలికగా మొదలవుతుంది, అది పెరిగేకొద్దీ సొంత సాధనకు సమయం తగ్గుతుంది. తాను ఇప్పుడు చేయని దాన్ని ఇతరులకు నేర్పించే స్థితికి నటుడు చేరితే రెండేళ్లలో ఆ బోధన కూడా పాతబడుతుంది. సాధన గంటలను ముందు కేటాయించుకుని, మిగిలిన వారాలనే వర్క్‌షాపులకు ఇవ్వడం నేను పాటించే పద్ధతి.

మీ చివరి ప్రశ్నకు సూటిగా చెబుతాను. తిరిగి రావచ్చు, అయితే ఖాళీ చేతులతో కాదు. అమెరికా నటుడు, దర్శకుడు జోసెఫ్ చైకిన్ 1963లో ఓపెన్ థియేటర్ అనే బృందాన్ని స్థాపించి, అది ఒక సంస్థగా గట్టిపడిపోకూడదని 1973లో తామే ముగించారు. బృందాలకు ఆయుష్షు తక్కువన్నది అపవాదు కాదు, కొన్నిసార్లు అది వాటి సంకల్పమే. చైకిన్‌కు 1984లో పక్షవాతం వచ్చి మాట దెబ్బతింది. ఆ తరువాత కూడా, ఆ తడబడే మాటనే ఆధారంగా చేసుకున్న రచనలతో ఆయన మళ్లీ వేదికెక్కారు. బృందం లేకపోయినా, పూర్వపు గొంతు లేకపోయినా పనిచేయగల పద్ధతి ఆయన దగ్గర ఉంది.

కనుక చేరే ముందు ఆ దర్శకుడిని నాలుగు సంగతులు అడగండి. మీరు సాధనలో సృష్టించిన క్రియలు, సంభాషణలు ఎవరి సొత్తు, బృందం వదిలాక వాటితో మీరు ఏకపాత్ర ప్రదర్శన చేసుకోవచ్చా? ప్రచార పత్రంలో నటుల పేర్లు రూపకర్తలుగా వేస్తారా, నటులుగా మాత్రమేనా? పెద్ద ప్రదర్శన లేని నెలల్లో నటులు సొంత పని చేసుకోవడానికి హాలు ఇస్తారా? సాధనలో మీరు వద్దన్నప్పుడు ఆ మాట చెల్లుతుందా? చివరి ప్రశ్న అన్నిటికంటే ముఖ్యం. నటుడి అంతరంగ జ్ఞాపకాలతో పనిచేసే ఈ పద్ధతుల్లో దర్శకుడి అధికారం హద్దు మీరడానికి అవకాశం ఎక్కువ, దాన్ని కళ పేరుతో సమర్థించుకోవడమూ తేలిక. ఆ ప్రశ్న విని చిరాకుపడే దర్శకుడి దగ్గర, ఆయన ఎంత ప్రతిభావంతుడైనా, శాశ్వత సభ్యత్వం తీసుకోవద్దని నా సలహా. వీలైతే ఆ బృందాన్ని వదిలి వెళ్లినవారిలో ఒకరితో మాట్లాడండి. ఉన్నవారు చెప్పనిది వారు చెబుతారు.

ఇప్పుడున్న నాటక సమాజానికి రాజీనామా ఇవ్వకుండానే ఒక ప్రదర్శన తయారీ కాలానికి మాత్రమే ఒప్పందం చేసుకోమని కూడా సూచిస్తాను. మొదటి రోజు నుంచే ఒక పుస్తకం పెట్టుకుని, ఆ రోజు చేసిన కసరత్తులు, స్కోరు వివరాలు, కోసివేతకు గురైన భాగాలు రాసుకోండి. తేదీలు వేయండి, వీడియోల ప్రతులు మీ దగ్గర కూడా ఉంచుకోండి. ప్రదర్శనలోకి రాని ఆ నాలుగు నిమిషాలే తరువాతెప్పుడో మీ ఏకపాత్రకు ముడిసరుకు అవుతాయి.